తాబేలు డిప్పకు పుండు పడితే: ఇంట్లోనే చూసుకోవాలా, దగ్గర్లో డాక్టరు చాలా, గరివిడి పశువైద్య కళాశాల దాకా వెళ్లాలా?

మా తాబేలు బొండం పొట్ట కింద తెల్ల మచ్చను ముందు చూసింది నేను కాదు, మా అమ్మాయి. మినపగుండు అంత మచ్చ. టబ్ దగ్గర అప్పటికే రెండు రోజులుగా నీచు వాసన వస్తోంది. ఎండు చేపలు వండుకునే ఇంట్లో నీచు వాసన వస్తే ఎవరు అనుమానిస్తారు? మూడో రోజు మచ్చ మీద గోరుతో మెల్లగా నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి దిగింది. అప్పుడు గుండె జారింది.

సాయంత్రానికి సలహాలు వచ్చి పడ్డాయి. అక్వేరియం షాపతను నీళ్లలో కలపమని నీలం మందు సీసా ఇచ్చాడు. మా అత్తగారు పసుపు రాయమన్నారు. పక్క ఫ్లాటువాళ్లు జూకి తీసుకెళ్లమన్నారు. ఆటో అతనైతే “తాబేలుకి కూడా డాక్టరేటమ్మా?” అని నవ్వాడు. విశాఖలో కుక్కకో పిల్లికో జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. తాబేలు విషయంలో ఎవరి మాట వినాలో తేలక మొదటి రెండు రోజులు వృథా అవుతాయి. ఆ రెండు రోజులు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా షాపుల్లో ఎక్కువగా దొరికే రెడ్ ఇయర్డ్ స్లైడర్ గురించి. కంటి వెనక ఎర్ర చార ఉండే నీటి తాబేలు అది. మీ దగ్గరున్నది నక్షత్ర తాబేలో, వానాకాలంలో గెడ్డ (వాగు) నుంచి గేటులోకి వచ్చిన మన దేశపు తాబేలో అయితే దారి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో ఉంచుకోవడం నేరం, అటవీశాఖకు అప్పగించాలి. ఇంకో మాట. మన చెరువుల్లో ఉండే ఒక రకం తాబేలుకు డిప్ప మీద పలకలు ఉండవు, తోలులా మెత్తగా ఉంటుంది. అది జబ్బు కాదు, దాని తీరే అంత. బీచ్‌లో గాయపడిన ఆలివ్ రిడ్లీ కనిపించినా ఇంటికి తెచ్చి మంచినీళ్ల టబ్‌లో వేయకండి. ఆ పని కూడా అటవీశాఖదే.

## అసలు జబ్బేనా?

డిప్ప అంటే తాబేలు తొడుక్కున్న చొక్కా కాదు. వెన్నెముక, పక్కటెముకలు అందులోనే కలిసిపోయి ఉంటాయి. లోపల ఎముక, దాని మీద మన గోళ్లలాంటి పదార్థంతో చేసిన పలకలు. నరాలున్నాయి, రక్తం పారుతుంది, నొప్పి తెలుస్తుంది. డిప్ప పుండు అంటే చాలాసార్లు ఎముక దాకా దిగిన పుండే.

స్లైడర్ పెరిగేకొద్దీ పాత పలకలు ఊడిపోతాయి. ఊడినది పల్చగా, వెలుతురుకు పట్టుకుంటే అవతలిది కనిపించేలా, పలక ఆకారంలోనే ఉంటుంది. కింద కొత్త పలక గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. దీనికి ఏ వైద్యమూ అక్కర్లేదు. సగం ఊడినదాన్ని పీకేయకుండా ఉంటే చాలు.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో డిప్ప మీద సున్నంలా తెల్ల పూత పడుతుంది. మీ బకెట్ల అంచున, కుళాయి మూతి దగ్గర ఎలాంటి మరక ఉందో అలాంటిదే. గోరుతో గీస్తే పొడి రాలుతుంది. కింద డిప్ప గట్టిగా ఉంటుంది, వాసన ఉండదు. ఆకుపచ్చ నాచు పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పోతుంది.

పలక కింద మెత్తదనం, గుంట, దుర్వాసన, చీములాంటి తడి, పలక అంచు పైకి లేవడం కనిపిస్తే అది పుండు. షెల్ రాట్ అనేది దీన్నే. డిప్ప ఒక్క చోట కాకుండా మొత్తం మెత్తగా, అంచులు వంగేలా ఉంటే అది వేరే సమస్య. కాల్షియం, విటమిన్ డి3 అందక ఎముక బలహీనపడింది. దానికి పైపూతలతో పని జరగదు. గుడ్డు నుంచి వచ్చి కొద్ది నెలలే అయిన పిల్లల డిప్ప కాస్త మెత్తగా ఉండటం మామూలే.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది లోతు. మెత్తటి చోటు పైపైనే ఉందా, లోపలికి దిగుతోందా? పుల్లతో పొడవకండి, వేలి చివరతో తాకితే చాలు. రెండోది వాసన. మూడోది రంగు. పొట్టవైపు పలకల కింద గులాబీ రంగో ఎర్రటి జీరలో కనిపిస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఉండొచ్చు. ఆ గుర్తు ఒక్కటి కనిపించినా ఇంటివైద్యం ఆలోచన మానేయాలి. నాలుగోది తిండి. పుండు ఉన్నా హుషారుగా తింటున్న తాబేలుకు కొంత సమయం ఉంది. తిండి మానేసి, కళ్లు మూసుకుని, ఒక మూల పడి ఉన్నదానికి లేదు.

ఐదోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది మీరు. రోజూ గంటన్నర, వారాల తరబడి, ఒక్క రోజూ ఆపకుండా చేయగలరా? పుండు చిన్నదైనా మీకు తీరిక లేకపోతే ఇంటివైద్యం మీకు తగదు.

## మొదటి దారి: ఇంట్లోనే

ఒకటి రెండు చోట్ల, పైపైనే, వాసన పెద్దగా లేకుండా ఉంటే, తాబేలు తింటూ ఉంటే ఈ దారి సరిపోతుంది. ఇందులో అసలు మందు సీసాలో ఉండదు. ఆరబెట్టడమే అసలు మందు. మిగతావన్నీ దానికి తోడు.

చివరికి డాక్టరు దాకా వెళ్లినా, ఇంట్లో నేను చేసింది ఇది. పొడి బేసిన్‌లో మెత్తటి కాటన్ తువ్వాలు పరిచి బొండాన్ని అందులో ఉంచాను. రోజుకు గంటన్నర మాత్రం వేరే టబ్‌లో శుభ్రమైన నీళ్లలో వదిలేదాన్ని. స్లైడర్ నీళ్లలో ఉంటేనే మింగగలదు కాబట్టి తిండీ అప్పుడే, నీళ్లు తాగడమూ అప్పుడే. బయటికి తీశాక పోవిడోన్ అయోడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లలో పలచన చేసి, మెత్తటి బ్రష్‌తో పుండు మీద రాసి, ఐదారు నిమిషాలాగి కడిగేయాలి. తరవాత తుడిచి, ఆరనిచ్చి, సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము పల్చగా పూయాలి. కాలిన గాయాలకు రాసే తెల్ల క్రీమే అది, మెడికల్ షాపులో దొరుకుతుంది. సీసా, ట్యూబు, కొత్త బ్రష్ కలిపి నాకు మూడు నాలుగు వందలు దాటలేదు.

విశాఖలో ఇబ్బంది ఉప్పగాలితో. మే నెలలో ఆరేసిన బట్టలే సాయంత్రానికి చెమ్మగా ఉంటాయి, ఇక శ్రావణంలో తువ్వాలు పొడిగా ఉంటుందా? అందుకే తువ్వాలు రోజుకు రెండుసార్లు మార్చాలి. బేసిన్ మీద మూత కాకుండా దోమతెర కట్టాలి. దోమతెర ఈగల కోసం కూడా. తెరిచి ఉన్న పుండు మీద ఈగ వాలితే పురుగులు పడతాయి. చలి బెంగ మనకు తక్కువే, డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మాత్రం బేసిన్‌ను కిటికీ దగ్గర పెట్టకండి. జబ్బు తాబేలుకు చుట్టూ 26 నుంచి 29 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. ఒళ్లు చల్లబడితే రోగంతో పోరాడే శక్తి తగ్గుతుంది.

లోటు కూడా చెప్పాలి. పుండు ఎంత లోతుందో ఇంట్లో తెలియదు. పైన ఆరినట్టు కనిపించి కింద పాకుతుంటే మీరు వారం రోజులు సంతోషంగా మోసపోతారు. డిప్ప నాలుగైదు సెంటీమీటర్లు కూడా లేని పిల్ల తాబేళ్లను డాక్టరు చెప్పకుండా ఇలా గంటల తరబడి ఆరబెట్టకూడదు. ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది.

పసుపు సంగతి. మా అత్తగారి మీద గౌరవం ఉంది కానీ పసుపు ముద్ద ఆరి పెచ్చు కట్టి పుండును కప్పేస్తుంది. రంగు పట్టాక ఎరుపు పెరిగిందా తగ్గిందా ఎలా చూస్తాం? కొబ్బరినూనె తడిని లోపలే బంధిస్తుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా వస్తున్న కణాలను కాల్చేస్తాయి. ఫినాయిల్ జాతి ద్రవాలు తాబేలుకు విషం. షాపతని నీలం మందు చేపల కోసం, అది ఎముకలో దిగిన పుండు దాకా పోదు.

## రెండో దారి: దగ్గర్లోని పశువైద్యుడు

ప్రభుత్వ పశువైద్యశాలైనా, కుక్కలూ పిల్లులూ చూసే ప్రైవేటు క్లినిక్ అయినా ఇందులోకే వస్తాయి. లాభం దగ్గరితనం. తాబేలును గ్రాముల్లో తూయగలరు, ఎక్స్‌రే తీయగలరు, ఇంజెక్షన్ ఇవ్వగలరు. ఎక్స్‌రే ఏ జంతువుకైనా ఎక్స్‌రేయే. డిప్ప విరిగిందా, ఎముక పల్చబడిందా అన్నది అందులోనే తేలుతుంది.

చిక్కు అనుభవంలో. నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో డాక్టరు మంచి మనిషి. “నేను తాబేళ్లను ఎక్కువగా చూడలేదమ్మా” అని ముందే చెప్పారు. అలా చెప్పేవారి మీదే నాకు నమ్మకం. బెరుకు లేకుండా ఏదో ఒకటి ఇచ్చేవారితోనే భయం. ముఖ్యంగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పశువులకూ కుక్కలకూ పురుగుల కోసం మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు ప్రాణాంతకం. ఆ పేరు వినిపిస్తే మొహమాటపడకుండా వద్దనండి.

వెళ్లే ముందు ఫోన్‌లో మూడు సంగతులు అడగండి. తాబేళ్లను చూస్తారా? తూచి, బరువును బట్టే డోసు లెక్కేస్తారా? ఇంజెక్షన్ ముందు కాలికి ఇస్తారా? వెనక కాళ్ల నుంచి వచ్చే రక్తం గుండెకు చేరేలోపు మూత్రపిండాల మీదుగా పోవచ్చు, అందుకే సాధారణంగా ముందు కాలికే ఇస్తారు. మూడోదానికి తడుముకోకుండా జవాబు వచ్చిందంటే సగం బెంగ తీరినట్టే.

## మూడో దారి: గరివిడి, లేదా ఇంకా దూరం

విజయనగరం దాటాక గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. విశాఖ నుంచి రైల్లోనూ రోడ్డు మీదా వెళ్లొచ్చు. శస్త్రచికిత్స అవసరమైనప్పుడు, పుండు నుంచి తీసిన నమూనాను పరీక్షించి ఏ యాంటిబయాటిక్ పనిచేస్తుందో చూడాల్సినప్పుడు కళాశాల స్థాయి ఆసుపత్రి పనికొస్తుంది. తాబేళ్లు చూసే డాక్టరు ఆ రోజు ఉంటారో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి.

ఇబ్బంది ప్రయాణం. జబ్బు తాబేలును నీళ్ల డబ్బాలో తీసుకెళ్లకూడదు. గాలి ఆడే పెట్టెలో తడిపి పిండిన తువ్వాలు వేసి, ఎండ తగలకుండా, ఏసీ గాలి నేరుగా తగలకుండా తీసుకెళ్లాలి. బండి ముందు పెట్టుకుని మిట్టమధ్యాహ్నం హైవే ఎక్కడమంటే దాన్ని పెనం మీద పెట్టినట్టే.

పక్క ఫ్లాటువాళ్ల జూ సలహా గురించి అడుగుతారని తెలుసు. ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాలలో డాక్టర్లు ఉన్నది అక్కడి జంతువుల కోసం. అది మన పెంపుడు జంతువుల ఓపీ కాదు.

## నాలుగోది, నేను ఎంచుకున్నది

వేరే ఊళ్లో సరీసృపాల వైద్యంలో అనుభవం ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడటం. ఒక్కదాన్నే తీసుకుంటే ఇది బలహీనమైన దారి. ఫోన్ తెరకు వాసన తెలియదు, మెత్తదనం తెలియదు. కానీ రెండో దారితో కలిపితే దీని విలువ మారిపోతుంది. ఇక్కడి డాక్టరు చేతులు, అక్కడి డాక్టరు అనుభవం. ఇక్కడ తూచి, ఎక్స్‌రే తీసి, ఆ ఫోటోలు పంపితే, అక్కడి నుంచి మందు, డోసు చెప్పారు. ఇక్కడే ఇంజెక్షన్లు పడ్డాయి. నన్నడిగితే విశాఖలో ఉన్నవాళ్లకు మధ్యస్థపు పుండుకు ఇంతకన్నా మంచి దారి కనపడలేదు. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడటానికి ఒప్పుకోవాలి, అంతే. ముందే అడగండి.

| మీకు కనిపిస్తున్నది | వెళ్లాల్సిన దారి | ఎంత తొందర |
|---|---|---|
| పల్చటి పలక ఊడుతోంది, కింద గట్టిగా ఉంది | ఏమీ అక్కర్లేదు | తొందర లేదు |
| ఒకటి రెండు చిన్న మచ్చలు, తింటోంది | ఇంట్లోనే, రోజూ ఫోటో తీస్తూ | వారంలో మార్పు లేకపోతే డాక్టరు |
| గుంట, వాసన, మెత్తదనం, తింటోంది | దగ్గరి డాక్టరు, వీడియో సలహా కలిపి | రెండు మూడు రోజుల్లో |
| డిప్ప మొత్తం మెత్తగా, అంచులు వంగుతూ | డాక్టరు, ఎక్స్‌రే, తిండి, వెలుతురు మార్పు | ఆ వారంలోనే |
| పొట్టవైపు ఎరుపు, తిండి మానేసింది | దగ్గర్లో ఎవరుంటే వాళ్లు, తరవాత పెద్ద ఆసుపత్రి | అదే రోజు |
| పగిలింది, కుక్క కరిచింది, పైనుంచి పడింది | అదీ అంతే | అదే గంట |

చివరి వరుస గురించి ఒక ముక్క. పగులును సెలైన్‌తో కడిగి, తడి గాజుగుడ్డ కప్పి, నీళ్లలో దించకుండా తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న జిగురుతోనో ఎపాక్సీతోనో అతికించకండి. లోపల క్రిములు ఉండగానే మూత వేసినట్టవుతుంది.

## ఎండా, దీపమా?

ఏ దారిలో వెళ్లినా ఈ ప్రశ్న వస్తుంది. డిప్ప గట్టిపడాలంటే కాల్షియం కావాలి, అది ఒంటికి పట్టాలంటే అతినీలలోహిత కిరణాల్లోని యూవీబీ కావాలి. ఎండ ఉచితం, దాన్ని మించిన దీపం లేదు. అయితే కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది. అద్దం వెనక వెచ్చగా పడుకున్న తాబేలుకు వెచ్చదనమే దక్కుతుంది.

మేడ అందుబాటులో ఉన్నవాళ్లకు పొద్దున ఇరవై ముప్ఫై నిమిషాల ఎండ చాలు. సగం నీడ తప్పనిసరి. నీడ లేని ప్లాస్టిక్ టబ్‌లో ఎండకు వదిలేసి ఫోన్ వచ్చిందని కిందికి దిగితే తిరిగొచ్చేసరికి ప్రాణం ఉండకపోవచ్చు. కాకులు, గద్దలు, పిల్లులు సరేసరి. సింహాచలం కొండ పక్క కాలనీల్లో కోతులు కూడా. అంచేత పక్కన మనిషి కూర్చోవాలి.

పొద్దున్నే ఉద్యోగాలకు పరిగెత్తేవాళ్లకు, ఎండ పడని ఫ్లాటులో ఉండేవాళ్లకు యూవీబీ దీపమే దిక్కు. అక్వేరియంలో అందానికి పెట్టే లైటు ఇది కాదు, పెట్టె మీద యూవీబీ అని ఉండాలి. దీపానికీ తాబేలుకూ మధ్య అద్దం ఉండకూడదు. ఎంత ఎత్తున పెట్టాలో పెట్టె మీదే ఉంటుంది. వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాదిలో దాని యూవీబీ తగ్గిపోతుంది, మార్చాలి. వానాకాలం మూడు నెలలు మేడ ఉన్నవాళ్లకు కూడా దీపం అవసరమే.

కాల్షియంకు మాత్రం మన ఊరికి ఒక వరం ఉంది. బీచ్‌లో పొద్దున్నే నడిస్తే ఇసుకలో తెల్లగా, తేలిగ్గా, పడవ ఆకారంలో దొరికే సముద్రపు నురుగు. నిజానికి అది కటిల్‌ఫిష్ అనే ఒక రకం కణవ లోపలి గట్టి భాగం, దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. రెండు మూడు రోజులు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టి, మరిగించి, ఆరబెట్టి, టబ్‌లో వేస్తే తనే కొరుక్కుంటుంది. ఉప్పు ఎండు రొయ్యలు మాత్రమే పెట్టి పెంచితే పుష్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు, ఆ పొరపాటు నేనూ చేశాను. స్లైడర్ల కోసం తయారైన గుళికలు, మునగాకు కొద్దిగా పెట్టండి. పాలకూర, గోంగూర తగ్గించండి, వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంను పట్టేసుకుంటుంది.

## ఎవరికి ఏది?

ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఉంటే ఇంటివైద్యానికి ముందు చోటు చూసుకోండి. తాబేళ్ల మీద సాల్మొనెల్లా క్రిములు మామూలు. బేసిన్‌ను వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఇది కుదరదనుకుంటే మొదటి దారి మీది కాదు.

షిఫ్టు ఉద్యోగులకు నా మాట: పుండు చిన్నదైనా రెండో దారి. డాక్టరు లోతు చూసి, అవసరమైతే మూడు రోజులకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ల వరస రాస్తే, రోజువారీ పని కాస్తయినా తగ్గుతుంది. ఆరబెట్టడం మాత్రం ఎలాగూ తప్పదు.

ఇక ఎక్కడైనా వదిలేద్దామా అనుకునేవాళ్లు ఉంటారు. ముడసర్లోవలోనో మేఘాద్రి గెడ్డలోనో వదలకండి. స్లైడర్ అమెరికా జాతి, ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. జబ్బుతో బతికితే మన తాబేళ్ల తిండి, చోటు లాక్కుంటుంది. చస్తే పుండుతో చస్తుంది. పెంచలేకపోతే పెంచగలిగేవాళ్లకు ఇవ్వండి.

## నీళ్లలోకి తిరిగి ఎప్పుడు?

పుండు గుంట పూడాలని ఎదురుచూడకండి, దానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. మచ్చ శాశ్వతంగానూ ఉండొచ్చు. గుంట అడుగు గట్టిగా, పొడిగా, వాసన లేకుండా ఉందా అన్నదే లెక్క. రెండు వారాలు వరసగా అలా ఉంటే నీళ్లలో ఉంచే సమయం రోజుకు కొంచెం కొంచెం పెంచొచ్చు. రాత్రుళ్లు ఆఖరున. వారానికోసారి వంటింటి త్రాసు మీద, దీనికంటూ పెట్టుకున్న డబ్బాలో తూచి కాగితం మీద రాయండి. బరువు పడిపోతుంటే పైకి ఎంత బాగున్నా డాక్టరుకు ఫోన్ చేయండి.

కుళాయి నీళ్లను ఒక రోజు బకెట్‌లో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది. డిప్ప పొడవు అంగుళానికి దాదాపు 38 లీటర్ల చొప్పున నీళ్లుండాలని ఒక వాడుక లెక్క. ఫ్లాటుల్లో అంత టబ్ కష్టమే, అప్పుడు ఫిల్టరూ నీళ్లు మార్చడమూ రెట్టింపు కావాలి.

బొండానికి ఐదు వారాలు పట్టింది. అన్నీ అయ్యాక గానీ అసలు కారణం నాకు తట్టలేదు. ఎక్కి కూర్చోడానికని రుషికొండ నుంచి ముచ్చటపడి తెచ్చిన రాయి. దాని మీద చెయ్యి పెట్టి చూస్తే గరగరలాడింది. సగం ఎప్పుడూ నీళ్లలోనే ఉండి నాచు పట్టింది. రోజూ ఎక్కి దిగుతుంటే పొట్ట డిప్ప గీసుకుపోయింది, ఎక్కినా ఆరింది లేదు. రాయి తీసేసి, ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, పైన నున్నటి నాపరాయి ముక్క పెట్టాను. ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి దాని మీదకెక్కి వెనక కాళ్లు చాచి పడుకుంటుంది. పసుపు రాసుంటే మూడు వారాల్లోనే తగ్గేదని మా అత్తగారు ఇప్పటికీ అంటారు.